గనిలో ‘న’ పాట

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు దాటి సింహాద్రిపురం వైపు పోతుంటే, దొడ్లపల్లె ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డుకు ఎడమపక్కన పాత నాపరాయి గని ఒకటి కనిపిస్తుంది. రాయి తీయడం మానేసి చాలా కాలమైంది. తీసినంత మేరా లోతైన గుంత. అడుగున పచ్చటి నీళ్లు. గట్టు మీద ఎవరూ ఎత్తుకుపోని బండల దొంతర్లు.

చీకటి పడితే ఆ దారిన ఎవరూ పాట పాడరు.

లారీ డ్రైవర్లు మలుపు రాకముందే టేపురికార్డరు కట్టేస్తారు. గొర్రెలు తోలుకొచ్చేవాళ్లు ఈల కూడా వేయరు. ఎందుకంటే — అక్కడ పాట వినిపిస్తే గనిలో నుంచి ఇంకో పాట బదులు వస్తుందట. ఏ పాటైనా రావచ్చు. కానీ అది మొదలయ్యేది ఎప్పుడూ ఒకే అక్షరంతో.

‘న’.

తెలిసినవాళ్లు ఆ అక్షరం చెవిన పడగానే తల తిప్పకుండా నడిచిపోతారు. తెలియనివాళ్లు మరుసటి రోజు టీ బంకు దగ్గర అడుగుతారు, అదేం దెయ్యమప్పా, అక్షరం చూసుకుని పాడుతుంది అని.

అది తెలియాలంటే ముందు దొడ్లపల్లె పద్ధతి తెలియాలి.

ఆ ఊళ్లో శుభకార్యాలకు మైకులో పాట పెట్టేది పాట కోసం కాదు. మనిషి కోసం. పెళ్లికి పెద్దమనిషి ఎవరైనా వస్తే, ఆయన పందిట్లో అడుగు పెట్టే సమయానికి ఆయన పేరులోని మొదటి అక్షరంతో మొదలయ్యే పాట మోగాలి. అది ఏ సినిమాలోదో, సంతోషానిదో ఏడుపుదో ఎవరికీ పట్టదు. అక్షరం కలిస్తే చాలు. ఒకసారి పెళ్లికొడుకు మేనమామ వస్తుంటే, అక్షరం కలిసింది కదా అని శవం ముందు పాడే పాట పెట్టేశారు. ఆయన మీసం సవరించుకుంటూ, తాళానికి తల ఊపుకుంటూ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

ఆ ఊరికి మైకుసెట్టు కట్టేవాడు జమ్మలమడుగు కమాల్ బాషా. రికార్డులను అక్షరాల వారీగా ట్రంకు పెట్టెల్లో అట్టలు అడ్డం పెట్టి సర్దుకునేవాడు. ఎవరైనా ఒక అక్షరం పలికితే పాట పైకి తేవడం అతనికి చిటికెలో పని. ఓబులయ్య అని ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవాడు. ‘ఓ’ అక్షరానికి బాషా దగ్గర ఉన్నది ఒకటే రికార్డు. ప్రతి పెళ్లికీ అదే పెట్టి, అరిగి అరిగి, అది నడుమ ఆగి ఒకే మాటను పట్టుకుని లాగేది. నా పాటకు ఎక్కిళ్లు వచ్చినాయేందప్పా అని ఓబులయ్య అడిగితే, దానికీ నీ వయసే కదన్నా అనేవాడు బాషా.

నవ్వులాటగా ఉన్న ఈ పద్ధతి ఫ్యాక్షన్ ముదిరాక నవ్వులాటగా ఉండలేదు.

ఊళ్లో రెండు పార్టీలు. ఒకటి నరసింహులుది, ఇంకొకటి రంగన్నది. ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తుల కంటే ‘న’, ‘ర’ అనే అక్షరాలే ఎక్కువ కనిపించేవి. నరసింహులు మనుషులు విస్తళ్ల ముందు కూర్చుని ఉండగా పొరపాటున ‘ర’ పాట మోగిందా — విస్తళ్లు ఎగిరేవి. ఒక బారసాలలో తలలు కూడా పగిలాయి. రంగన్న మనుషులైతే ‘న’ అని విడిగా నోటితో పలకడమే మానేశారు. ఆ అక్షరంతో పేరు మొదలయ్యే తమ చుట్టాన్ని కూడా ‘ఏమప్పా’ అనే పిలిచేవారు.

ఇంకో కట్టుబాటు ఉంది. వచ్చేవాడికి పాట. పోయేవాడికి లేదు.

అలాంటి ఊళ్లో పెద్దమనిషి ఎప్పుడు లేస్తాడు, ఎప్పుడు బండెక్కుతాడు అన్నది చాటి చెప్పే విషయం కాదు. తింటూ తింటూ చెయ్యి కడుక్కోవడానికని లేస్తాడు. అంతే. ఆయన వెళ్లిపోయాడని మిగతావాళ్లకు తెలిసేసరికి జీపు ఊరు దాటి ఉంటుంది.

మండలాలు వచ్చిన కొత్త రోజులు అవి. మండలాధ్యక్షుడి ఎన్నిక దగ్గర పడింది. ఎప్పుడూ ఎదురెదురుగా ఉండే నరసింహులు, రంగన్న ఆ ఏడు ఒకే పార్టీ కింద చేరాల్సి వచ్చింది. టౌనులో పార్టీ పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి చేతులు కలిపించారు. టికెట్టు నరసింహులుకని మాట అయిపోయింది. రంగన్న తల ఊపాడు. రాజీకి గుర్తుగా తన కూతురి పెళ్లికి రమ్మని పిలిచాడు.

నరసింహులు భార్య లక్ష్మీదేవమ్మకు ఆ పిలుపు నచ్చలేదు. పోకుంటే టికెట్టు పోతుందని మొగుడు, పోతే ఏదైనా పోవచ్చని ఆమె. రెండు రోజులు ఇంట్లో ఇదే వాదన. చివరికి ఆమె తమ్ముడు సుబ్బరాయుడు కల్పించుకున్నాడు.

“నేనుంటా కదక్కా పక్కన. నన్ను దాటుకోని బావ దగ్గరికి ఎవురొస్తారు?”

ఆమె సరేనంది. సుబ్బరాయుడు పుట్టింటి నుంచి ఆమె వెంట వచ్చినవాడు. తల్లీతండ్రీ పోయాక ఆమె చేతి అన్నమే తిన్నాడు. నరసింహులు ఎక్కడికి పోయినా వెనుక సీట్లో అతనే. బావ చొక్కా కొలతలతోనే తనకూ చొక్కా కుట్టించుకునేవాడు.

పెళ్లి రాత్రి దొడ్లపల్లె అంతా రంగన్న పందిట్లోనే ఉంది.

బాషా కూర్చున్నది పందిరి వెనుక, టార్పాలిన్ పట్టా అవతల. అతని వీపు జనం వైపు. ఎదురుగా ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు, ట్రంకు పెట్టెలు. హారను మిద్దె మీద వెదురు బొంగుకు కట్టి ఉంది. రాళ్ల నేల, చెట్టూ చేమా లేని ఊరు. రాత్రి పూట ఆ హారను పాట గని దాకా వినిపిస్తుంది.

నరసింహులు రాగానే ‘న’ పాట మోగింది. రంగన్న ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. చూసినవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఇక కత్తులు పెళ్లి వంటకే అని ఎవరో అంటే నలుగురు నవ్వారు కూడా.

రెండో పంక్తి భోజనాలు సాగుతుండగా, పట్టా అవతల నుంచి ఎవరో మెల్లగా అన్నారు.

“న... పెట్టు.”

అంతే. ఒక గుసగుస. అక్షరాలు అలా పట్టా అవతల నుంచే వస్తుంటాయి. తిరిగి చూసే అలవాటు బాషాకు లేదు. పెండ్లిమర్రి నుంచి నాగన్న అనే చుట్టం రావాల్సి ఉందని అంతకు ముందే ఎవరో చెప్పి ఉన్నారు. ఆయన వచ్చాడు కాబోలు అనుకున్నాడు. ‘న’ అరలోంచి ఒక రికార్డు తీసి ముల్లు ఆనించాడు.

పెండ్లిమర్రి చుట్టం ఆ రాత్రి రాలేదు.

ఆ సమయానికి, టికెట్టు పని మీద టౌనుకు బయలుదేరిన నరసింహులు జీపు ఊరు దాటుతోంది. గని మలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా బండలు. దొంతర్ల వెనుక రంగన్న కుర్రాళ్లు. వాళ్లకు చెప్పింది ఒకటే — వాడి పాట రెండోసారి వినిపించగానే లేవండి.

ఊళ్లో ఆ పాట ఇంకా అయిపోలేదు. బాంబుల చప్పుడు దాని మీదుగా వినిపించింది.

డ్రైవరు చెన్నయ్య దూకి, కాలు విరిగి, రాళ్ల సందున శవంలా పడి ఉండి బతికాడు. నరసింహులును తెల్లవారి పచ్చటి నీళ్లలో నుంచి తీశారు.

సుబ్బరాయుడు ఆ రాత్రి జీపులో లేడు. ఇద్దరూ ఒకేసారి విస్తరి ముందు నుంచి లేస్తే పెళ్లివారికి అవమానమని వెనుక ఉండిపోయాడు. అది ఊళ్లో మర్యాదే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. శవం మీద పడి అతను ఏడ్చిన ఏడుపుకు బందోబస్తుకు వచ్చిన పోలీసులు కూడా పక్కకు తిరిగారని చెబుతారు. పాట పెట్టినవాడి గొంతు నేనే కోస్తానని శవం మీద చెయ్యి వేసి అన్నాడు.

టికెట్టు అతనికి వచ్చింది. బావ ఫోటో జీపుకు కట్టుకుని తిరిగాడు. గెలిచాడు.

రంగన్న పరారీ. దొరికిన కుర్రాళ్లు జైలుకు పోయారు. రెండో పాట గుర్తు అన్న మాట తప్ప వాళ్ల దగ్గర ఇంకో మాట లేదు. పాట పెట్టించింది ఎవరు? దానికి అందరి దగ్గరా ఒకటే జవాబు.

కమాల్ బాషా.

పట్టా అవతల నుంచి ఎవరో అడిగారని అతను స్టేషనులో చెప్పాడు. ఎవరని అడిగితే చెప్పలేకపోయాడు. ఆధారం లేక వదిలేశారు. ఊళ్లు మాత్రం వదల్లేదు. పెళ్లికి పిలిచేవాడు లేడు, సమర్తకు పిలిచేవాడు లేడు. ముద్దనూరుకు ఇవతల కనిపిస్తే అదే ఆఖరు అని సుబ్బరాయుడి మనుషులు ఇంటికొచ్చి చెప్పి పోయారు. ఆ సెట్టు అమ్మేసి ప్రొద్దుటూరు పోదామని భార్య దిల్షాద్‌బీ రోజూ పోరేది. పోయినా వెతుక్కుంటూ వస్తారని అతనికి తెలుసు. ఆ గుసగుస ఎవరిదో తేలే దాకా అతని ప్రాణానికి భరోసా లేదు.

దొడ్లపల్లెలో ఆ తర్వాత ఎవరూ మైకు కట్టలేదు. పెళ్లిళ్లు డోలు సన్నాయితోనే అయిపోయేవి.

మైకు లేని ఆ రోజుల్లోనే — గనిలో పాట మొదలైంది.

మొదట విన్నది గొర్రెలు తోలుకొస్తున్న ఒక ముసలాయన. తర్వాత సింహాద్రిపురం ఆఖరి బస్సు కండక్టరు. తర్వాత ఊళ్లో సగం మంది. ఎవరు విన్నా ‘న’తోనే. నరసింహులు వస్తున్నాడు, పందిట్లో అడుగు పెడుతున్నాడు అని చెప్పే పాట.

అందరికంటే ఎక్కువ బెదిరింది చెన్నయ్య. ఇప్పుడు సుబ్బరాయుడి జీపు నడిపేది అతనే. రాత్రి పూట గని దగ్గరికి వస్తే బండి ఆపి దండం పెట్టుకుని గానీ కదిలేవాడు కాదు. అది చూసినవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. జీపు ఎప్పుడు కదులుతుందో డ్రైవరుకు కాక ఎవరికి తెలుస్తుంది? బాంబులు పడితే వీడొక్కడే ఎట్లా బతికాడు? ఆ మాట ఊరంతా తిరిగి, లక్ష్మీదేవమ్మ చెవిన కూడా పడింది. ఆమె చెన్నయ్యకు అన్నం పెట్టడం మానేసింది.

ఆ ఏడు శీతాకాలంలో ఒక రోజు సుబ్బరాయుడు పార్టీ మీటింగుకని జమ్మలమడుగు బయలుదేరాడు. రాత్రికి అక్కడే ఉండిపోతానని, చెన్నయ్యతో జీపు మాత్రం తిప్పి పంపుతానని అక్కకు చెప్పి పోయాడు.

మీటింగు తొందరగా అయిపోయింది. అతనూ జీపులోనే తిరుగు ప్రయాణమయ్యాడు.

ముద్దనూరు దాటగానే చెన్నయ్య బండి పక్కకు తీసి ఆపాడు.

“నాతో కాదన్నా. నువ్వు కొట్టినా సరే, ఆ మలుపు కాడికి నేను రాను.”

“దెయ్యానికి ఓటు లేదులేప్పా, భయపడేదానికి,” అన్నాడు సుబ్బరాయుడు. “ఉన్యా మా బావ ఓటు మనకే.”

చెన్నయ్య కుంటుకుంటూ దిగి ముద్దనూరు వైపు నడిచాడు. సుబ్బరాయుడు స్టీరింగు ముందుకు జరిగాడు.

దారిలో మనిషి జాడ లేదు. రెండు పక్కలా నల్లటి రాళ్లు, చలి, హెడ్‌లైట్ల వెలుగులో లేచే దుమ్ము. అతను కావాలనే గట్టిగా ఒక పాట ఎత్తుకున్నాడని చెబుతారు. తనకు తానే ధైర్యం చెప్పుకోవడానికో, దెయ్యాన్ని ఎగతాళి చేయడానికో.

మలుపు తిరిగాడు.

రోడ్డుకు అడ్డంగా — బండలు.

బ్రేకు గట్టిగా తొక్కాడు. పాట గొంతులోనే ఆగిపోయింది. ఇంజను తిరుగుతూనే ఉంది. సీటు కింద నుంచి వేటకొడవలి తీసుకుని దిగాడు.

“ఎవుర్రా అది?”

దొంతర్ల వెనుకకు వెళ్లి చూశాడు. ఎవరూ లేరు. ఒక్క బండను పట్టి లాగబోయాడు. ఇద్దరు మనుషులు ఎత్తాల్సిన బరువు అది. జరగలేదు.

అప్పుడు గని అడుగు నుంచి ఒక చిన్న శబ్దం... గరగర... ముల్లు రికార్డు మీద ఆనితే వచ్చే చప్పుడు.

తర్వాత పాట.

‘న’.

గుంత గోడలకు తగిలి ఆ గొంతు రెండై, నాలుగై పైకి వస్తోంది. ఎటు నుంచి వస్తున్నదో తెలియదు. సుబ్బరాయుడు మొదట తిట్టాడు. ఎవురి పిల్లోల్లురా మీరు, పొద్దున మీ ఇండ్లు ఉండవు అన్నాడు. చేతికందిన రాయి ఒకటి చీకట్లోకి విసిరాడు. అది నీళ్లలో పడిన చప్పుడు వినిపించింది. పాట ఆగలేదు. తన వేగంలో తాను సాగి, చివరి దాకా వచ్చి, అయిపోయింది.



సుబ్బరాయుడు జీపు వైపు వెనక్కి వెనక్కి నడిచాడు. రివర్సులో తిప్పుకుని పోవాలని అతని ఆలోచన. ఎక్కి కూర్చున్నాడు. గేరు రాడ్డు మీద చెయ్యి వేశాడు.

మళ్లీ గరగర...

ఇంకో పాట మొదలైంది. ఈసారి ‘న’ కాదు.

‘స’.

చెయ్యి గేరు రాడ్డు మీదే ఆగిపోయింది.

దొడ్లపల్లె మనిషికి దాని అర్థం ఒకరు చెప్పనక్కర్లేదు. ‘న’ మోగింది, నరసింహులు వచ్చాడు. ఇప్పుడు ‘స’ మోగుతోంది. సుబ్బరాయుడు వచ్చాడని గనికి తెలిసింది. రమ్మంటోంది.

అతను పారిపోతాడని ఎవరైనా అనుకుంటారు. పారిపోలేదు. ఇంజను తానే ఆపాడు. దిగాడు. కొడవలి రోడ్డు మీద పెట్టాడు. బావ ఎదుటికి పోయేటప్పుడు ఇంట్లో ఎలా విడిచేవాడో అలా చెప్పులు విడిచి, గట్టు అంచున కూలబడ్డాడు.

పాట అయిపోయే దాకా విన్నాడు. తర్వాత, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు మెల్లగా మొదలుపెట్టాడు.

“బావా... నేను చెప్పింది ఒక్క అక్షరమే కద బావా.”

నీళ్లు కదల్లేదు.

“నరుకుతారని నాకు చెప్పలే. బండి ఆపుతాం, బెదిరిస్తాం, టికెట్టు వద్దనిపిస్తాం అన్యారు. నేనూ అంతే అనుకున్యా... అనుకున్యానో లేదో. ఏమో. నీ కాడ అబద్ధమెందుకు.”

దూరంగా ఎక్కడో కుక్క అరిచి ఊరుకుంది.

“ఎన్నేండ్లు నీ ఎనకాల తిరిగింటి బావా. ఏ పెండ్లికి పోయినా నీ పాటే. ఇద్దరం కలిసే దిగుతాం, పాట మాత్రం నీది. నాకంటూ ఒక పాట, యాడన్నా, ఎవురన్నా పెట్టినారా? ఈ పొద్దు నువ్వు పెట్టినావు... నువ్వే పెట్టినావు.”

అతను ఏడుస్తున్నాడు.

గని లోపల నుంచి ఎవరో పిలిచారు.

“సుబ్బరాయుడూ.”

నరసింహులు గొంతు కాదు. ఆడగొంతు. అతను పుట్టినప్పటి నుంచి వింటున్న గొంతు.

రాయి తీసినప్పుడు గోడకు చెక్కిన మెట్ల మీద టార్చి వెలుగు ఒకటి మెల్లగా పైకి వస్తోంది. ముందు లక్ష్మీదేవమ్మ. ఆమె వెనుక, బ్యాటరీ తీగ చేతికి చుట్టుకుని ఉన్న కమాల్ బాషా.

ఈ కథ బయటికి వచ్చింది బాషా నోటనే. అంతకు వారం ముందు అతను చీకట్లో పొలాల వెంట నడిచి వచ్చి ఆమె కాళ్ల మీద పడ్డాడట. జరిగింది చెప్పాడు. ఆమె ఒక్కటే అడిగింది, పట్టా అవతల ఉన్నవాడు నోరు తెరిచి ‘న’ అని పలికాడా అని. పలికాడన్నాడు. అయితే వాడు రంగన్న మనిషి కాదు, మన మనిషే అంది ఆమె. రంగన్న మనుషులు ఆ అక్షరం పలకరు.

మన మనిషి అంటే ఆమె మనసులో ఉన్నది చెన్నయ్య. ఆ రాత్రి జీపులో ఒంటరిగా వచ్చేది అతనే అనుకుంది. చీకటి పడగానే బాషా సెట్టును గనిలోకి దింపారు. ఇద్దరూ గడ్డపారలతో బండలు రోడ్డు మీదికి జరిపారు. గనిలో పాట వస్తుందని ఊరంతా భయపడుతోంది, ఆ భయంతోనే వాడి నోరు తెరిపించాలని ఆమె పథకం.

హెడ్‌లైట్ల ముందు తిడుతున్న గొంతు తమ్ముడిదని గుర్తుపట్టగానే ఆమె బాషా చెయ్యి పట్టుకుందట. ఆపు, మావాడు భయపడతాండాడు, నేను పైకి పోయి చెప్తా అంది. కానీ బాషా చెయ్యి అప్పటికే పెట్టెలో ఉంది. పెద్దమనిషి ఎవరో చెవిన పడటం, ఆయన అక్షరం తీయడం — ఏళ్ల తరబడి చేసిన పని. మండలాధ్యక్షుడు వచ్చాడు. చెయ్యి దానంతట అది ‘స’ అరలోకి పోయింది. నేను ఆలోచించి పెట్టలేదు అంటాడు బాషా ఇప్పటికీ.

ఇంకో మాట కూడా అంటాడు. తాను గనిలో పాట పెట్టింది ఆ ఒక్క రాత్రే. అంతకు ముందు ముసలాయన విన్నది, కండక్టరు విన్నది, ఊరు విన్నది — అవి ఎవరు పెట్టారో తనకు తెలియదు.

మరుసటి రోజు లక్ష్మీదేవమ్మ పట్టపగలు బాషాను తన పక్కన నడిపించుకుని ఊరి మధ్య నుంచి బస్సు దాకా తీసుకుపోయి ఎక్కించింది. ఆ తర్వాత అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. సుబ్బరాయుడి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అతనే మండలాధ్యక్ష పదవికి రాజీనామా రాసిచ్చి ఊరు విడిచిపోయాడు. ఎక్కడ ఉన్నాడో తెలిసినవాళ్లు లేరు.

గట్టు మీద ఆ రాత్రి జరిగింది మాత్రం చాలా తక్కువ. ఆమె తిట్టలేదు. కొట్టలేదు. టార్చి ఆర్పేసి తమ్ముడి ఎదురుగా నిలబడింది. ఒక్క ప్రశ్న అడిగింది.

“ఆయన లేస్తాండాడని నీకెట్ల తెలిసింది రా?”

సుబ్బరాయుడు తల ఎత్తలేదు.

“చెప్పినాడక్కా. చెయ్యి కడుక్కోబోతా, చెవిలో చెప్పినాడు.”

ఆమె ఊపిరి తీసిన చప్పుడు బాషాకు వినిపించిందట.

“నేను కట్టుకున్యాదాన్ని. ఇన్నేండ్లలో ఎప్పుడు లేస్తాడో, ఏ దోవన పోతాడో, నాకు ఒక్కనాడు చెప్పలేదు,” అంది లక్ష్మీదేవమ్మ. “నీకు చెప్పినాడు.”